బౌరో ఇసుక బొట్టు

బౌరోకి ఉన్నది ఒకటే పిచ్చి. ఏ కొత్త చోట అడుగుపెట్టినా అక్కడి ఇసుక చిటికెడు తీసి చెంపలకు రాసుకోవాలి. తను రాసుకుని ఊరుకుంటే ఎవరికీ పేచీ లేదు. పక్కవాళ్ల చెంపలకు కూడా పూసేదాకా వాడి ప్రాణం కుదుటపడదు. వాళ్ల కిరిబాటిలో కొత్త దీవికి వెళ్లినవాళ్లు ముందుగా తడి ఇసుక ముఖానికి రాసుకుని, "మేం వచ్చాం, కాస్త కనిపెట్టుకుని ఉండు" అని ఆ నేలకు చెప్పుకుంటారట. బాగానే ఉంది. కానీ దీవికి చెల్లే ఆచారం బ్యాంకుకు కూడా చెల్లుతుందంటే ఎలా?

సువా పట్నంలో కాలేజీ చదివిన మూడేళ్లూ హాస్టల్లో మా ఇద్దరిదీ ఒకే గది. నేను వనువాటు దీవుల నుంచి వెళ్లాను. మొదటిరోజు పెట్టె కింద పెట్టానో లేదో, ఆరడుగుల మనిషొకడు అగ్గిపెట్టె పట్టుకుని ఎదురొచ్చాడు.

"పేరేంటి?"

"టారి."

"టారీ, కదలకు," అని నా రెండు చెంపలకూ తెల్లటి ఇసుక పులిమేశాడు. సువా ఒడ్డున అంతా నల్లటి బురదే. మరి ఈ తెల్ల ఇసుక ఎక్కడిదని అడిగే తెలివి ఆ రోజు నాకు లేదు. ఓరి దేవుడా, వీడితో మూడేళ్లా అనుకున్నాను, అంతే.

బ్యాంకులో ఇసుక దొరక్కపోతే పూలకుండీలో మట్టి తవ్వాడు. కాపలావాడు మమ్మల్నిద్దర్నీ మెడ పట్టి బయటికి నెట్టాడు. పరీక్ష హాలు ముందు వరసగా మా అందరికీ బొట్లు పెట్టాడు. మాస్టారు కళ్లద్దాలు సవరించుకుని, "ఏమిటయ్యా ఈ ముఖాలు?" అన్నారు.

"ఈ హాలుకు కొత్తవాళ్లం కదా సార్."

"కొత్తేమిటయ్యా? ఈ పేపరు నువ్వు రాయడం ఇది మూడోసారి!"

వీటన్నిటినీ తలదన్నింది మొదటి టర్ములో జరిగిన చెప్పుల గొడవ. మాతో చదివే లూపేది సమోవా. వాళ్ల ఊరి నుంచి చర్చి పాటల బృందం సువాకు వచ్చింది. లూపే మాత్రం గది తలుపు వేసుకుని కూర్చుంది. "వాళ్లను చూశానంటే వాళ్లతోపాటే విమానం ఎక్కేస్తాను" అంది. మూడు నెలలుగా ఆ పిల్ల సరిగ్గా తినడం లేదు, నవ్వడం అసలే లేదు. ఆ సాయంత్రం ఎవరో పరుగున వచ్చి, "మీవాడు చెప్పుల దొంగతనంలో దొరికాడు" అన్నారు. వెళ్లి చూద్దును కదా, చర్చి అరుగు మీద చెప్పుల గుట్ట మధ్య బౌరో. వాడి చొక్కా ఒక లావుపాటి పెద్దావిడ చేతిలో ఉంది.

"అమ్మా, నేను దొంగను కాను. దులుపుతున్నానంతే."

"మా చెప్పులు నువ్వు దులపడమేంట్రా?"

"శుభ్రంగా ఉంటాయని."

"అయితే అన్నీ దులుపు!" అని ఆవిడ నడుం మీద చేతులేసుకుని పైనే నిలబడింది. ముప్ఫై ఏడు జతలు దులిపాడు మహానుభావుడు. సిగ్గుతో నాకు తల తీసేసినట్టయింది. దారిపొడవునా తిట్టాను. వాడు జేబు తడుముకుంటూ నడిచాడు.

రెండు వారాలకు లూపే చదువు మానేస్తున్నానని చెప్పింది. సోమవారం ప్రయాణం. వెళ్లేముందు శనివారం అందరం కలిసి డెయుబా బీచికి పోదామనుకున్నాం. లూపే, బౌరో, నేను, టోంగా నుంచి వచ్చిన సెమీసి. సెమీసి ఉడికించిన కర్రపెండలం ఒక బస్తాడు మోసుకొచ్చాడు. బస్సులో లూపే పక్కన బస్తాను కూర్చోబెట్టి, "నీకన్నా ఇదే నయం, కుదుపుకు ఊగనైనా ఊగుతోంది" అన్నాడు. ఆ పిల్ల కిటికీ వైపు నుంచి మొహం తిప్పలేదు.

ఒడ్డున కూర్చున్నాక సెమీసి కూడా బస్తా సంగతి మరిచి నీళ్లవైపే చూశాడు. మూడు నెలల తర్వాత అసలైన సముద్రం చూస్తున్నాం మరి. నాకు ఇంటిమీద ఎంత బెంగ పుట్టిందంటే, మా అమ్మ పిలిస్తే వినపడుతుందేమో అనిపించింది. ఎవరి ఊరు ఎటుందో వాళ్లం అటే చూస్తున్నాం. లూపే తూర్పుకు, నేను పడమటికి. బౌరో ఊరు ఉత్తరాన, మా వీపు వెనక కొండలకవతల ఎక్కడో ఉంది. పాపం, వాడికి చూసుకోవడానికి సముద్రమైనా లేదు.

అంతలో వాడు లేచి తడి ఇసుక తీసుకుని లూపే దగ్గరికి నడిచాడు.

"ముట్టుకున్నావంటే చెయ్యి విరిచేస్తా!" అంది లూపే. "ఎల్లుండి పోయేదానికి ఎందుకీ పూతలు? ఈ నేల నన్ను గుర్తుపట్టక్కర్లేదు."

"ఈ నేల సంగతి తర్వాత," అని బౌరో జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. అడుగున అరచెంచాడు ఇసుక. "ముందు ఇది నిన్ను గుర్తుపడుతుందేమో చూడు. మీ ఊరిది."

లూపే కళ్లు పెద్దవి చేసింది. "మా ఊరిదా? నీకెలా వచ్చింది?"

"ముప్ఫై ఏడు జతలకు ఇంతే రాలింది. మీ పాస్టరుగారి చెప్పుల్లోనే సగం. బాగా తిరిగే కాళ్లు, పాపం."

ఆ రోజు చెప్పులు దులిపింది ఇందుకన్నమాట! లూపే ఆ ఇసుకను అరచేతిలో పోసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాం. "పాస్టరుగారి కాళ్ల వాసనే!" అని పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. బౌరో ఆ ఇసుకను డెయుబా తడి ఇసుకలో కలిపి ఆమె చెంపలకు రాసి, నేలవైపు చూసి, "ఇది మా లూపే. దీని ఊరు కూడా నీలో కలిసింది. ఇక నీదే పూచీ" అన్నాడు.

తిరుగు బస్సులో లూపే మూడు ముక్కలు కర్రపెండలం తిని, "సోమవారం నన్ను సాగనంపడానికి ఎవరూ రానక్కర్లేదు" అంది. సెమీసి సంతోషంతో బస్తాను కావలించుకున్నాడు.

నేను బౌరో వైపు వంగి మెల్లగా అడిగాను. "మీ ఊరి ఇసుక మిగుల్చుకున్నావా?"

"అది మొదటి నెలలోనే అయిపోయింది. కొత్తగా వచ్చిన పిల్లలందరికీ తలా కాస్త రాశాను కదా. అందులోనూ నీ చెంపలు మరీ పెద్దవి."

మరుసటి టర్ములో కిరిబాటి నుంచి ఆరుగురు పిల్లలు హాస్టలుకు వచ్చారు. వసారాలో చెప్పులు విప్పి లోపలికి వెళ్లారో లేదో, నేనూ లూపే మోకాళ్ల మీద కూలబడ్డాం. వార్డెను మకరీటా అక్క చూసి, "అయ్యో, మీకూ పట్టిందా!" అని గుండెల మీద చెయ్యేసుకుంది. ఆరు జతలకు చిటికెడు రాలింది.

గదిలోకి వెళ్లి, "బౌరో, కదలకు" అన్నాను. ఆరడుగుల మనిషి అగ్గిపెట్టె చూసి, అర్థమై, బుద్ధిగా కళ్లు మూసుకుని చెంప చూపించాడు. లూపే వేలితో అద్దిందో లేదో ఒక కన్ను తెరిచాడు.

"చాలు, చాలు, అంతా నాకే పూసెయ్యకు. రేపు కొత్త పిల్లలతో ఇంకో విమానం వస్తోంది."