నేను వ్రాసిన ఫిర్యాదు

దోహాలోని ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంవారు తమ వద్దనున్న భారతీయ తాళపత్రాలకు వివరణపట్టిక సిద్ధం చేయడానికి నన్ను ఒక సంవత్సరంపాటు పిలిపించుకొన్నారు. ఫుట్‌బాల్ ప్రపంచకప్పుకు వచ్చేవారికోసం అతిథిగృహాన్ని మరమ్మతు చేస్తూండడంతో, అరవై దాటిన నాకు విద్యార్థినుల హాస్టల్లో మూడవ అంతస్తు చివరిగది ఇచ్చారు.

ఆ గదికి వైఫై అందీ అందనట్లుండేది. శుక్రవారాలలో ఇండస్ట్రియల్ ఏరియాలోని కూలీల క్యాంపునుండి నిజామాబాదు, జగిత్యాలవారు పదిమంది ఒకే ఫోను చుట్టూ చేరి నేను చదివే పద్యాలు వినేవారు. సగం పద్యంలో నా గొంతు వారికి తెగిపోయేది. గోడలోని నెట్ సాకెట్టుకు సొంత రూటర్ తగిలించుకొంటే ఆ బాధ తీరుతుందని పక్కగది అమ్మాయి చెప్పింది. ఆమె కరీంనగరు ముస్లిం కుటుంబంలో పుట్టి, నీటిశుద్ధిపై పరిశోధన చేస్తున్న యువతి. ఇంట్లో దక్కనీ, నాతో తెలుగు. రూటర్ పెట్టాలంటే ఒక విద్యార్థిని దానిని తన పేర నమోదు చేయించి, దానివల్ల వచ్చే ప్రతి చిక్కుకూ పూచీపడాలి. అతిథులకు ఆ అర్హత లేదు. ఆమె తన పేరిచ్చింది. అల్ దోహా అల్ జదీదా పేటలోని దుకాణంలో కొని తెచ్చి, నా గదిలో తానే అమర్చింది.

ఒక గురువారం ఉదయం గది శుభ్రం చేస్తూ తీగలన్నీ ఊడదీశాను. తిరిగి పెట్టబోతే రూటర్ వెనుక నాలుగు పసుపు రంధ్రాలు, ఒక్కటే నీలిది. గోడనుండి వచ్చే తీగ అన్నిటికీ మూలం కనుక దానికి పసుపే తగునని తోచింది. ఏ పనినైనా పసుపు ముట్టుకొని మొదలుపెట్టే ఇంట పెరిగినదానను. మరొక ఆలోచన రాలేదు.

ఆ మధ్యాహ్నంనుండి మా అంతస్తులో ఒక్కొక్క గదికీ నెట్ పోసాగింది. మొదట నాది, తరువాత ఎదురుగదిది, సాయంకాలానికి అందరిదీ. ఎదురుగదిలోని సూడాను యువతి కంప్యూటర్‌లో ఉద్యోగపు ఇంటర్వ్యూకు కూర్చొని ఉండగా అది నడిమధ్య ఆగిపోయింది. ఆమె వరండాలో నేలపై కూలబడి ఏడుస్తూంటే పక్కన కూర్చొని వీపు నిమిరాను. వెంటనే కార్యాలయానికి ఆంగ్లంలో ఫిర్యాదు వ్రాశాను. నలభై ఏళ్ళు వ్యాకరణం బోధించిన చేయి. వాక్యాలు బిగువుగా వచ్చాయి. కారకులెవరైనప్పటికీ ఉపేక్షింపక హాస్టల్‌నుండి తొలగించాలన్నది చివరి వాక్యం. అందరినీ చేర్చి చదివి వినిపించాను. నాతో కలిపి పద్ధెనిమిదిమంది సంతకాలు చేశారు. పక్కగది అమ్మాయికూడ.

మరునాడు ఉదయం ఆమె కరివేపాకు కోసం వచ్చి, నా బల్ల వెనుకకు ఒక్క నిమిషం వంగి, తీగ వదులైందని చెప్పి వెళ్ళింది. కొంతసేపటికి అన్ని గదులకూ నెట్ వచ్చింది. నా ఉత్తరం పనిచేసిందని అందరూ మెచ్చుకొన్నారు, నేనూ మురిసిపోయాను. శుక్రవారం కార్యాలయానికి సెలవన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

ఆదివారం ఆమె నా గుమ్మంలో నిలబడి ఒక కాగితం అందించింది. వారం రోజులలో గది ఖాళీ చేయాలన్న నోటీసు. అంతస్తంతటా నెట్ చెడగొట్టినది ఆమె పేర నమోదైన రూటరేనట. దిగువన నా చివరి వాక్యం అక్షరం మారకుండా ఉన్నది. నా కళ్ళు దానిమీదనే నిలిచిపోయాయి.

ఆమె నెమ్మదిగా వివరించింది. నీలిరంధ్రంలో తీగ ఉంటే ఆ పెట్టె గోడనుండి నెట్ పుచ్చుకొంటుందట. పసుపుదానిలో ఉంటే అంతస్తులోని కంప్యూటర్లన్నిటికీ తానే నెట్ చిరునామాలు పంచుతుందట, ఎక్కడికీ పోని చిరునామాలు.

"నాకు చెప్పలేదేమమ్మా?"

"శుక్రారం పొద్దున్నే చూసిన, టీచరమ్మా. గంతమంది ముందట గంత మంచిగ సదివిన్రు. అందరు మిమ్ముల మెచ్చుకుంటుండ్రి. ఎట్ల జెప్పాలె?"

సిద్ధాంతగ్రంథం సమర్పించడానికి ఆమెకు మూడు నెలలే ఉన్నాయి. ఆటలకు వచ్చేవారికి ఇచ్చుకోవడానికి ఊరంతటా ఇళ్ళు ఖాళీ చేయిస్తున్నారు. అల్ తుమామా పేటలో ఆమె ఎరిగిన ఒకే ఒక్క కుటుంబం అప్పటికే వీధిన పడింది.

వార్డెన్ జోర్డాను దేశస్థురాలు. జరిగినదంతా చెప్పి, నన్ను పంపివేయమన్నాను. పేరు ఎవరిదైతే పూచీ వారిదేనని, పైగా తొలగించమని కోరినది నేనేనని ఆమె గుర్తుచేసింది. చివరకు ఒక దారి చూపింది: సంతకం చేసినవారందరూ నిజం తెలిసికొని, తొలగింపు వద్దని మరల సంతకం చేయాలి. ఒక్కరు కాదన్నా నోటీసు ఆగదు.

రెండవ ఉత్తరం వ్రాయడానికి పూటంతా పట్టింది. ఆ అమ్మాయి వెంట రాగా తలుపు తలుపూ తట్టాను. కొందరు నవ్వారు, కొందరు ముఖం చిట్లించారు, అందరూ సంతకం పెట్టారు. ఎదురుగది మిగిలింది. సూడాను యువతి ఉద్యోగం అప్పటికి మరొకరికి పోయింది. ఆమె కాగితాన్ని నిలబడే రెండుసార్లు చదివింది.

"ఆ రోజు నా పక్కన కూర్చొన్నది మీరే కదా?"

"నేనే."

"అప్పటికి మీకు తెలియదు."

"తెలియదు."

"ఈమెకు?"

నా వెనుకనుండి ఆ అమ్మాయే చెప్పింది, మరునాడు తెలిసిందని.

"అంటే రెండు రోజులు నా ముఖం చూస్తూ మాట్లాడకుండా ఉన్నదన్నమాట."

పెద్దావిడ పరువు కాపాడడానికి మౌనం వహించిందని చెప్పబోయి ఆగిపోయాను. ఆ పెద్దావిడను నేనే. ఆమె కాగితాన్ని తలుపుకు ఆనించి సంతకం చేసింది.

"తనకు గది ఉండనీ. మీరు మాత్రం ఈ తలుపు మళ్ళీ తట్టకండి."

నోటీసు మరునాడే ఉపసంహరించారు. ఆ తలుపు నా తలుపుకు నాలుగడుగుల దూరం. మిగిలిన అయిదు నెలలూ అవతల అడుగుల చప్పుడు సద్దుమణిగినదాకా ఆలకించి గాని నేను గడియ తీయలేదు.