పందొమ్మిది రోజుల తర్వాత ఎండ

కొండమీది ఆ ఊళ్లో ఆసుపత్రి దుప్పట్లు ఉతికే ఆవిడను అందరూ ఎండత్త అంటారు. పొద్దున్నే డాబా ఎక్కి, బట్టలారేసే తీగను వేళ్లతో తడిమి, ముక్కు పైకెత్తి గాలి వాసన చూస్తుంది. ఆ తర్వాతే కాఫీ. ఈసారి పందొమ్మిది రోజులుగా పొగమంచు విడవలేదు. గదినిండా నలభై తడి దుప్పట్లు. "రేపటికి ఒక్క పొడి దుప్పటైనా లేదమ్మా," అని నర్సు నిన్ననే ఫోను చేసింది.

ఇవాళ తొమ్మిదింటికి మంచు చీలి, ఎదుటి కొండ భుజంమీద పసుపుపచ్చటి వెలుగు పడింది. రెండు గంటలకు మించి ఉండదని ఎండత్తకు తెలుసు. తన డాబామీద పట్టేవి పదే. చెప్పులైనా తొడుక్కోకుండా వీధిలోకి పరుగెత్తింది.

"ఎండొచ్చింది! మీ డాబాలు ఇవ్వండర్రా!"

"మా బట్టలూ ఆరాలిగా అత్తా?" అంది ఎదురింటి టైలరమ్మ.

"నీ జాకెట్లు ఇంకో వారం ఆగితే మునిగిపోయేదేం లేదే! అక్కడ రోగులు ఉత్త పరుపులమీద పడుకోవాలి!"

టైలరమ్మ తన తీగ ఖాళీ చేసి, నాలుగు దుప్పట్లు భుజాన వేసుకుంది. పావుగంటలో వీధి డాబాలన్నీ తెల్లబడ్డాయి. మంచు తిరిగి కమ్మేలోగా నలభయ్యో దుప్పటి కూడా మడతపడింది.

"అన్నీ ఆరాయి తల్లీ, బండి పంపించు!" అని ఫోనులో అరిచి, ఎండత్త ఇంకా వెచ్చగా ఉన్న గచ్చుమీద నవ్వుతూ వెల్లకిలా పడుకుంది. మంచు ముఖంమీదికి వస్తున్నా లేవలేదు.