పొయ్యి మీద వదిలేసిన పాలు

మా మేడంగారు పోయారు. కిందటి నెల ఓ పొద్దున్నే నందిగామ నుంచి వాళ్ళ ఇంటి యజమానురాలు ఫోన్ చేసింది. "కుర్చీలో కూర్చున్నట్టే ఉన్నారమ్మా. వీధి తలుపు బార్లా తీసే ఉంది," అంది. ఫోన్ పెట్టేశాక నేను ఆ తలుపు తలుచుకునే ఏడ్చాను.

తొంభైల మొదట్లో నందిగామ కాలేజీలో ఆవిడ మాకు తెలుగు చెప్పారు. యుద్ధాల కథలు, ఊళ్ళొదిలి పారిపోయినవాళ్ళ కథలు ఎక్కడ దొరికినా తెచ్చి చదివించేవారు. "తుపాకుల వైపు చూడకండర్రా. పొయ్యి మీద ఏం వదిలేసి వెళ్ళారో చూడండి. తలుపు వేసి వెళ్ళారా, తీసి వెళ్ళారా చూడండి. వేసినవాళ్ళు తిరిగొస్తామనుకున్నవాళ్ళు. తీసి పోయినవాళ్ళకి తెలిసిపోయిందన్నమాట," అనేవారు. వంటిల్లు కనపడని కథైతే పక్కన పడేసేవారు. మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం.

ఆవిడ పుట్టింది రంగూన్‌లో. ఏడేళ్ళప్పుడు కొత్తింట్లో పాలు పొంగిస్తుండగా ఊరి మీద జపాను బాంబులు పడ్డాయి. వాళ్ళమ్మ పాలు పొయ్యి మీదే వదిలేసి, పిల్లని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. అడవి దారిలో నడిచి నడిచి ఆ తల్లి పోయింది. ఆ తర్వాత మేడంగారు ఏ ఇంట్లోనూ పాలు పొంగించలేదు. అద్దె ఇల్లు మారితే మొదటిరోజు హోటల్ క్యారేజీయే. "పొంగిస్తే మనిల్లని ఒప్పుకున్నట్టే కదే. ఒప్పుకుంటే పోద్ది," అన్నారోసారి.

నేను ఊరుకోవచ్చుగా! రిటైరయ్యాక చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. "ఎన్నాళ్ళండీ ఈ అద్దె కొంపలు? మా జగ్గయ్యపేట వచ్చెయ్యండి, నా కళ్ళ ముందుంటారు," అని. మూడేళ్ళకి మెత్తబడ్డారు. మా వీధి చివర రెండు గదులు కట్టించుకున్నారు. వంటింటి కిటికీ ఎటుండాలో నాలుగుసార్లు మార్పించారు. ఆవిడ ముఖంలో అంత ఆశ నేనెప్పుడూ చూడలేదు.

గృహప్రవేశం ముహూర్తం పదకొండు దాటాక పడింది. పాలు గిన్నె అంచుదాకా వచ్చాయి. "పొంగనివ్వండమ్మా, పొంగనివ్వండి," అంటున్నారు పురోహితుడుగారు. మేడంగారు వంగి చూస్తున్నారు. అప్పుడు మా ఊరి పక్క క్వారీలో మందు పేలింది. సున్నపురాయి కోసం రోజూ పేల్చేదే. ఆ మోతకి మా ఊళ్ళో ఊయల్లో పిల్లలు కూడా లేవరు. అందుకే ముందు చెప్పాలని నాకు తోచలేదు. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

కిటికీ అద్దాలు గలగలమన్నాయి. అరవై దాటిన మనిషి నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, పాలు వదిలెయ్యవే, రా!" అని లాగారు. నన్నే. నేను కదల్లేదని చెయ్యి వదిలేసి, చెప్పుల్లేకుండా వీధిలోకి నడిచారు.

"క్వారీ అండీ, క్వారీ!" అంటూ వెనకాలే పరిగెత్తాను. బస్టాండులో దొరికారు.

"తెలుసే. తెలిసినా కాళ్ళాగలా," అన్నారు. నందిగామ బస్సెక్కేశారు. మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కలేదు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బావుండేది.

ఆ రోజు తిరిగొచ్చి పొయ్యి కట్టేసి, ఆవిడ తీసి పోయిన తలుపు నేనే వేశాను. గిన్నె కడగడానికి మాత్రం చేతులు రాలేదు.

ఆవిడ పదోరోజు అయ్యాక వెళ్ళి, ఇన్నేళ్ళకి ఆ తలుపు తీశాను. గిన్నె పొయ్యి మీదే ఉంది, అడుగున మాడిన పాలు నల్లగా అట్టకట్టి. గడప దాటుతుంటే క్వారీలో పేలింది. ఈసారి నాకూ వినపడింది. తాళం చేతిలోనే ఉంది. తలుపు వెయ్యకుండా వచ్చేశాను.