నా ఫైలుకు అగ్గిపుల్ల కాపలా

నిజం చెప్పండి, నేను చాయ్‌కి పోయినప్పుడు నా కుర్చీ దగ్గరికి ఎవరొచ్చారో మీలో ఎవరైనా చూశారా? చూస్తే చెప్పండి, భయం లేదు! మొన్న మా ఆఫీసులో ప్రతి మనిషినీ ఆపి ఇదే అడిగాను. ఆ అడగడమే నా పరువు తీసింది.

నేను పుట్టుకతో అనుమానం మనిషిని కాను. సనత్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీ టూల్ రూంలో ఏళ్ల తరబడి పనిచేశాను. అది మూతపడిన రోజు గేటుకు తాళం వేసిందెవరు? ముందురోజు దాకా నా డబ్బాలో అన్నం పంచుకున్న పక్క టేబుల్ మనిషే! అప్పటి నుంచి పక్క సీటంటే నాకు నమ్మకం లేదు. తర్వాత అమీర్‌పేటలో నా కొడుకు ఈడు పిల్లల మధ్య కూర్చుని జావా నేర్చుకున్నాను. తిప్పలు పడి ఈ కొత్త హైటెక్ సిటీలో ప్రొబేషన్ మీద చేరాను.

పని ఇది. ఒక దవాఖాన కోసం జావా ప్రోగ్రాం రాయాలి. పేషెంట్ల వివరాలు ఒక డేటా స్టోర్‌లో, అంటే కంప్యూటర్‌లో ఒక ఫైల్లో ఉంటాయి. కార్డు నంబరు ఇస్తే మనిషి వివరం రావాలి. నంబరు కీ, వివరం వాల్యూ. మా టూల్ రూంలో నంబరున్న ఇత్తడి బిళ్ల ఇస్తే పనిముట్టు చేతికొచ్చేది. అంతే కదా!

"శుక్రవారం డెమో, యాదగిరి గారూ. నడిస్తే మీరు పర్మనెంట్. నడవకపోతే పైవాళ్లకు నేనేం చెప్పలేను" అంది మా మేనేజర్ సుజాత మేడం.

సోమవారం ప్రోగ్రాం నడిపితే అసలు ఫైలే లేదని ఎర్రర్. 'కొత్తది తయారుచెయ్యి' అనే ఆప్షన్ కనబడితే పెట్టాను. పలికింది! పేర్లన్నీ టైపు చేశాను. ఏ నంబరు కొట్టినా పేరు వచ్చింది. ప్రోగ్రాం ఆపి, రాళ్లగుట్ట పక్కన బండి దగ్గర చాయ్ తాగి వచ్చాను. మళ్లీ నడిపి నంబరు కొట్టాను. నల్! అంటే ఏమీ లేదని. ఇంకో నంబరు. నల్!

తల తిప్పితే నా టేబుల్ పక్కన ప్రసాద్. పక్క సీటు మనిషి. గుడివాడ నుంచి వచ్చి కూకట్‌పల్లిలో ఉంటాడు.

"ఏంది, ఇక్కడేం పని?"

"స్టేప్లర్ కోసమండి."

స్టేప్లరట!

మంగళవారం మళ్లీ అన్నీ టైపు చేసి, పాస్‌వర్డ్ మార్చి, చాయ్‌కి పోయాను. వచ్చి నడిపి చూస్తే నల్. నా కుర్చీ దగ్గరికి ఎవరొచ్చారని ఆఫీసులో కనబడ్డ ప్రతి మనిషినీ ఆపి అడిగాను. బుధవారం మళ్లీ అన్నీ ఎక్కించి, ప్రోగ్రాం ఆపి, కీబోర్డు మీద అగ్గిపుల్ల అడ్డంగా పెట్టాను. సెక్యూరిటీ నర్సింలుకు అప్పజెప్పాను. "నా కుర్చీ మీద జర నిగా పెట్టు, నర్సింలు."

చాయ్ తాగి వచ్చి అడిగితే, "ఎవ్వరు రాలే సార్. మీ కాగితం కింద పడితే ప్రసాద్ సార్ తీసి పెట్టిండు" అన్నాడు.

"కాగితమొక్కటే తీసిండా?"

"ఇంకేం తీస్తడు సార్? కంప్యూటర్ జేబుల పడ్తదా?"

అగ్గిపుల్ల కదల్లేదు. ఫైలు మాత్రం ఖాళీ! ఓహో, నెట్‌వర్క్ లోంచి దూరుతున్నాడు!

గురువారం కేబుల్ పీకేశాను. చాయ్ మానేశాను. అన్నం కుర్చీలోనే తిన్నాను. పేర్లన్నీ ఎక్కించి, ప్రోగ్రాం ఆపి, నా కళ్ల ముందే మళ్లీ నడిపాను. నల్!

ఇంక నావల్ల కాలేదు. నేరుగా మేడం దగ్గరికి పోయాను. ఆఫీసంతా వినేలా అరిచాను. "మేడం, నా నౌకరీ ఊడగొట్టాలని ఈ ప్రసాద్ రోజూ నా డేటా తుడిచేస్తుండు! గీయనను ఈ ప్రాజెక్టు నుంచి తీసేయండి!"

ప్రసాద్ మొహం ఎర్రబడింది. కానీ గొంతు పెంచలేదు. "ఒక్కసారి మీ కోడ్ చూపిస్తారా అండి?"

చూపించాను. నాకేం భయం? ఆయన ఒక లైను మీద వేలు పెట్టాడు. సోమవారం నేను పెట్టిన ఆప్షన్ మీద.

"ఇదేమంటోందంటే అండి, తెరిచిన ప్రతిసారీ పాతది పారేసి కొత్తది పెట్టమని. ప్రోగ్రాం ఆపనంతసేపూ అన్నీ ఉంటాయండి. దొంగ వచ్చాడేమో అని మీరు మళ్లీ నడిపినప్పుడల్లా మీరే ఊడ్చేస్తున్నారండి."

నర్సింలు ముఖం పక్కకు తిప్పుకుని దగ్గాడు. అది దగ్గు కాదని నాకు తెలుసు!

ఆ ఆప్షన్ తీసేసి 'ఉన్నదే తెరువు' అని పెట్టాం. సాయంత్రం ప్రసాద్ పేర్లు చదువుతుంటే నేను టైపు చేశాను. శుక్రవారం డెమోలో ఏ నంబరు కొట్టినా మనిషి వచ్చాడు. మేడం చెయ్యి కలిపి, "మీరు పర్మనెంట్, యాదగిరి గారూ. ఫైలు తెరిచే కోడ్ మాత్రం ఇకమీద ప్రసాద్ రాస్తారు" అంది.

నేను అరిచింది అందరి ముందు. మరి తప్పయిందని చెప్పడానికి నోరు రాలేదు. అందుకని ప్రసాద్ కోసం ఇంట్లో ఆమెతో పల్లీలు వేసి సర్వపిండి చేయించి, డబ్బాలో పెట్టుకుని సోమవారం బస్సెక్కాను. మెత్తబడిందేమోనని ఎర్రగడ్డ దగ్గర ఒకసారి మూత తీసి కొంచెం తుంచి చూశాను. కరకరలాడింది. కూకట్‌పల్లి దగ్గర ఇంకోసారి చూశాను. కొండాపూర్‌లో దిగేముందు మళ్లీ చూశాను.

ఆఫీసు మెట్ల మీద ప్రసాద్ ఎదురొచ్చాడు. "ఏమండీ, డబ్బాలో ఏంటండి?" అని నవ్వుతూ చెయ్యి చాపాడు. మూత తీసి చూస్తే డబ్బా అడుగున రెండు పల్లీలు!

చెప్పండి, ఈసారి నేనెవరి మీద ఫిర్యాదు చెయ్యాలి?