ఉప్పలమ్మ తెర ఆపిన రోజు

ఉప్పలమ్మది మరైగూడ అనే ఊరు. పదో తరగతి అయ్యాక కోంటాలోని ఒక దుకాణంలో దరఖాస్తులు టైపు చేస్తూ హిందీ, తెలుగు రెండూ వేళ్లకు ఎక్కించుకుంది. ఇంట్లో తెలుగు, చేలో దోర్లి, సంతలో గోండి, దఫ్తరులో హిందీ. రెండు వేల పదకొండులో కిరందుల్ ఇనుప గనుల దగ్గర ఒక కాంట్రాక్టరు సర్వే ఆఫీసులో డేటా ఎంట్రీ పని దొరికింది.

ఆ ఆఫీసులో నక్షాలు గీసేది ఎర్రబోరు సీతయ్య. ముప్పై ఏళ్లు కొండ ఎక్కి దిగి, ఎక్కడ ఎంత ఎత్తుందో పెన్సిలు గీతల్లో పెట్టినవాడు. ఆ గీతలనే ఉప్పలమ్మ రెండేళ్లపాటు ఒక్కో చుక్కా, ఒక్కో ఎత్తూ కంప్యూటర్లోకి ఎక్కించింది. అన్నీ కలిపితే తెరమీద కొండ లేచి నిలబడాలి. కానీ పాత లినక్స్ కంప్యూటర్లో ఆ బొమ్మను కొంచెం తిప్పితే చాలు, టీ తాగి వచ్చేదాకా కదిలేది కాదు.

కొత్త గ్రాఫిక్స్ కార్డు వచ్చింది. ఇంజనీరు సోమారు దాన్ని బిగించాడు, కార్డును నడిపే పాత డ్రైవర్ ప్రోగ్రామును పక్కన పెట్టాడు. కొత్త డ్రైవర్ ఎక్కించేలోపే చెల్లెలి పెళ్లికి జగ్దల్‌పూర్ వెళ్లిపోయాడు. వచ్చేది సోమవారం. సీతయ్య రిటైరయ్యేది శనివారం.

"నా గీతలు కొండై నిలబడితే ఎట్లుంటదో సూడకుండనే పోతనా ఏంది?" అన్నాడు సీతయ్య గురువారం పొద్దున.

ఉప్పలమ్మ కంప్యూటర్ ముందు కూర్చుంది. సోమారు తెరిచి ఉంచిన అధికార ఖాతాలో, అతను దింపి పెట్టిన కొత్త డ్రైవర్ ఫైలును నడిపింది. అది ఒక్కమాటలో కాదంది. తెర నడుస్తోంది, ముందు దాన్ని ఆపమంది.

"తెర ఆపితే ఎట్ల సూస్తం?" సీతయ్య అడిగాడు.

"తెర మీద బొమ్మలు గీసేదే ఆ డ్రైవర్ గద మామా. గీస్తాంటే మార్చలేం."

ఆమె సోమారుకు ఫోను చేసింది. అవతల డోళ్లు మోగుతున్నాయి. "దీదీ! ఇనిట్ లిఖో, ఫిర్ తీన్! స్క్రీన్ కాలా హోగా, డర్నా మత్!" అని అరిచాడు. ఎవరో చెయ్యి పట్టి చిందులోకి లాగినట్టున్నారు, ఫోను కట్టయింది.

"ఇనిట్ అని కొట్టి మూడు వెయ్యాల్నంట," అంది ఉప్పలమ్మ. "నల్లగయితదంట, భయపడొద్దంట."

వేసింది. కిటికీలు, బొమ్మలు, బాణం గుర్తు అన్నీ ఒక్కసారి మాయమయ్యాయి. నల్లటి తెరమీద తెల్లగా ఒక్క వరుస మిగిలింది. పేరు అడుగుతోంది.

"సంపినవ్ పిల్లా!" అన్నాడు సీతయ్య.

సోమారు కాగితం మీద రాసిపెట్టి పోయిన అధికార ఖాతా పేరు ఆమె కొట్టింది. పాస్‌వర్డ్ కొట్టబోతే ఒక్క అక్షరమూ పడలేదు, చుక్క కూడా లేదు. "కీబోర్డు గూడ పోయింది!" సీతయ్య తల పట్టుకున్నాడు. ఉప్పలమ్మకు నవ్వు తన్నుకొచ్చింది. కనబడకపోయినా కొట్టి చూద్దామని కొట్టింది. నవ్వులో వేలు జారి తప్పయింది. ఊపిరి బిగబట్టి రెండోసారి కొడితే లోపలికి రానిచ్చింది.

ఇక మౌసు లేదు. ఫైలు పేరులోని అంకెలు, చుక్కలు, అడ్డగీతలు సీతయ్య ఆ కాగితంలోనే చూసి ఒక్కొక్కటే చదివాడు, ఆమె కొట్టింది. ఈసారి అది కాదనలేదు. అడిగినదానికల్లా అవునంది ఉప్పలమ్మ. శాతం అంకెలు పెరుగుతుంటే సీతయ్య గట్టిగా లెక్కపెట్టాడు. పక్క గదిలో పనిచేసే పొజ్జా, హుంగే వచ్చి వాళ్లూ గొంతు కలిపారు. నూరు కాగానే ఏ పండగకూ లేనంత కేక వేశారు.

"ఇనిట్ అయిదు," అంది ఉప్పలమ్మ. అయిదు అంటే తెరను తిరిగి లేపడం.

నలుపు. ఇంకా నలుపు. తర్వాత నీలం వచ్చింది, బాణం గుర్తు వచ్చింది. ఆమె నక్షా తెరిచి మౌసు కదిపింది. కొండ తిరిగింది! ఆగకుండా, వేలు ఎటంటే అటు, లోయలూ తవ్విన మెట్లూ చూపిస్తూ గిర్రున తిరిగింది. సీతయ్య బల్ల పట్టుకున్నాడు. "ఆపు, ఆపు, పడ్తనేమో!" అన్నాడు. ఆపితే ఊరుకోలేదు, "మల్ల తిప్పు," అన్నాడు.

నాలుగో తిప్పులో కొండ నడినెత్తిన ఆకాశంలోకి పోయే స్తంభం కనిపించింది.

"ఇది నేను గీయలే!"

ఉప్పలమ్మ వెతికింది. వెయ్యిన్నూట యాభై మీటర్లున్నచోట తన చెయ్యే ఒక సున్నా ఎక్కువ కొట్టింది. "నాదే తప్పు మామా," అని సున్నా తీసేసింది. స్తంభం చటుక్కున కూలి కొండలో కలిసిపోయింది. నలుగురూ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. పొజ్జా ఆ సున్నా మళ్లీ పెట్టమని బతిమాలాడు. పెట్టింది, తీసింది, భోజనాల వేళ దాటిపోయింది.

శనివారం సీతయ్యకు శాలువా కప్పారు. రెండు మాటలు చెప్పమంటే ముప్పై ఏళ్ల సంగతి వదిలేసి తెర నల్లబడటం నుంచి మొదలుపెట్టి అరగంట చెప్పాడు. "ఆమె భయపడలే, నవ్వింది, అంతే," అన్నాడు.

సోమవారం సోమారు వచ్చాడు. కంప్యూటర్ చూసి, చేయడానికి పనేమీ మిగలక పెళ్లి లడ్డూలు ఆమె బల్ల మీద పెట్టాడు. ఆ ఏడాది చివర ఆమెను సిస్టమ్ సహాయకురాలిని చేశారు. కొత్త గుర్తింపు కార్డుకు ఫొటో తీసేటప్పుడు ఉప్పలమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. మూడు ఫొటోలు చెడిపోయాక ఫొటోగ్రాఫరు నవ్వుతున్నదే అంటించి ఇచ్చాడు.