అనురాధ కాళ్ళవాపు, జితేందర్ గారి వైద్యం

అబిడ్స్‌లో వామన్‌రావు గారి చీరల దుకాణానికి ఎక్కడా రాసిపెట్టని రాజ్యాంగం ఒకటుంది. కొనేవారు కూర్చుంటారు, అమ్మేవారు నిలబడతారు. పొద్దున పదిన్నర మొదలు దుకాణం మూసేదాకా ఆరుగురు ఆడవాళ్ళు ఈ రాజ్యాంగాన్ని కాళ్ళ మీద మోస్తారు. సాయంత్రానికి ఆరు జతల పాదాలూ ఉబ్బుతాయి. ఇంటికెళ్ళి ఉప్పు వేసిన వేడినీళ్ళలో ముంచుకుంటారు. అందుకే అనురాధ కాళ్ళు ఉబ్బితే అది ఎవరికీ వార్త కాలేదు, అనురాధకు కూడా.

అనురాధకు ముప్పై ఏళ్ళు. అత్త కొండమ్మతో నాంపల్లిలో కిరాయి ఇంట్లో ఉంటుంది. ఎనిమిదేళ్ళుగా పట్టుచీరల కౌంటర్ ఆమెదే. మడత విప్పకుండా అంచు ఒక్కటి చూపించి బేరం తెంపగలదు. ఆమె వేళ్ళ కీళ్ళు నొప్పెడితే చీరలు మడిచీ మడిచీ అన్నారు. ఒళ్ళు తూలితే నిద్ర చాలక అన్నారు. ముక్కు మీదుగా రెండు చెంపలకూ ఎర్రని దద్దు లేచింది. సూపర్‌వైజర్ జితేందర్ దాన్ని శ్రద్ధగా పరిశీలించి, ముఖానికి మంచి రంగు వచ్చిందని తీర్పు చెప్పి, ఆమెను వీధి వైపు అద్దాల దగ్గర నిండు ఎండలో నిలబెట్టాడు. బొమ్మకు చీర కడితే అంత గిరాకీ రాదట. ఎండ తగిలినకొద్దీ దద్దు ఎర్రబడింది. జితేందర్‌కు సంతోషం పెరిగింది.

బోనాలకు రెండు రోజులు దుకాణం మూశారు. ఆ రెండు రోజులూ అనురాధ మంచం దిగలేదు. మూడో రోజు పొద్దున చూస్తే పాదాలు అట్లాగే ఉన్నాయి. పైగా కనురెప్పలు ఉబ్బి కళ్ళు సరిగా తెరుచుకోలేదు. మూత్రం సబ్బునీళ్ళలా నురగ కడుతోంది.

"రెండు దినాలు పండుకునే ఉన్న గదత్తా. నిలబడని కాళ్ళు ఎందుకు ఉబ్బినయి?" అంది.

కొండమ్మ చెప్పులు తొడుక్కుంది. "నడువు దవాఖానకు. గిది దుకాణం వాపు కాదు."

నాలుగు నెలలుగా ఇంతమంది చేసిన రోగనిర్ణయాల్లో సరైనది ఇదొక్కటే.

సర్కారు దవాఖానలో డాక్టర్ విద్యావతి రక్తం, మూత్రం పరీక్ష చేయించింది. కిడ్నీలోంచి సూదితో చిన్న ముక్క తీయించి చూసింది. రోగం పేరు లూపస్, అది కిడ్నీలకు పాకింది. ఒంటిని కాయాల్సిన కాపలావాళ్ళే సొంతింటి మీద పడి కొడుతున్నారనీ, ఆ దెబ్బలకు కిడ్నీల జల్లెడ వాచిపోయిందనీ, ఒంట్లో ఉండాల్సిన ప్రోటీన్ బయటికి పోతుంటే పోవాల్సిన నీరు లోపల నిలుస్తోందనీ వివరించింది. బీపీ కూడా పెరిగింది. ఇట్లాగే వదిలేస్తే కిడ్నీలు పోతాయి. మందులు ఏళ్ళ తరబడి వాడాలి, బాగున్నట్టు అనిపించినా ఆపకూడదు. ఎండ తగలకూడదు.

నిలబడి నిలబడి వచ్చిందా అని అనురాధ అడిగింది.

"నిలబడితే రాదమ్మా ఇది. అందరూ నిలబడబట్టి ఇన్ని రోజులు కనబడలేదు."

లోపల నీడలో, కూర్చుని చేసే పని ఇవ్వాలని డాక్టర్ చీటీ రాసిచ్చింది. దుకాణంలో ఆ చీటీ చూపిస్తే, ఒకరికి స్టూలు వేస్తే ఆరుగురూ అడుగుతారని జితేందర్ హెచ్చరించాడు. అతని నోట వచ్చిన మొదటి నిజం అది. వామన్‌రావు గారు గొంతు సవరించుకుని, కొనవచ్చిన గిరాకీ దేవుడితో సమానమనీ, దేవుడి ముందు కూర్చోవడం తాతల నాటి నుంచీ ఈ దుకాణంలో లేదనీ సెలవిచ్చారు. ఆయన వెనక గోడ మీద పూలదండ వేసిన తాతగారి ఫోటో ఉంది. తెల్లదుప్పటి పరిచిన పరుపు మీద తాతగారు, ఇద్దరు గుమాస్తాలు, గిరాకీలు, అందరూ బాసిపట్టు వేసుకుని కూర్చున్నారు.

"మీ తాత కూసునే అమ్మిండు గద సేటూ," అంది అనురాధ.

వామన్‌రావు గారు వెనక్కి తిరిగి ఫోటో మీద పూలదండ సర్దారు. స్టూలు మంజూరైంది. లోపలి కౌంటర్లో, చీటీ ఉన్న మనిషికి మాత్రమే.

ఎనిమిది నెలలు గడిచాయి. మూత్రంలో ప్రోటీన్ బాగా తగ్గింది, కిడ్నీలు నిలబడ్డాయి. వామన్‌రావు గారు తన దయాగుణం గురించి గిరాకీలకు చెబుతున్నారు. ఐదుగురు ఇంకా నిలబడే ఉన్నారు. అనురాధ అరగంటకోసారి లేచి పక్కనున్న పద్మను కూర్చోబెడుతుంది. మొన్న జితేందర్ చూశాడు. పద్మకు చీటీ ఏదని నిలదీశాడు.

అనురాధ చీర మడుస్తూనే ఉంది.

"ఇంకో నాలుగు నెలలు నిలబెట్టున్రి సార్. చీటీ అదే వస్తది."