పూజ దినం తేదీ మరిచిపోయిన మిషను

మా మామ ఆఫీసులో మిషన్ల రూమని ఒకటుండాది. రూమనేది పేరుకే. మెట్ల కింద మిగిలిపోయిన జాగాకు ఒక తలుపు పెట్టినారు, అంతే. ఆ తలుపు తీస్తే వచ్చే వాసన, ఎలుక పెంటికలు, కాలిన వైరు, ఎవుడో తిని కడక్కుండా పారేసిన టిఫిన్ డబ్బా, ఇప్పుటికీ నా ముక్కును ఇడిసిపెట్టలే. మామ రూములో రెండు ఏసీలు. రేయింబగళ్ళు కాలే మిషన్లకు మాత్రం ఒక టేబుల్ ఫ్యాను, దానికీ ఒక రెక్క ఇరిగిపోయిండాది. కడప ఎండలు ఎరిగినోళ్ళకు నేను వేరే చెప్పాల్సిన పన్లే.

మామంటే మా అమ్మకు తమ్ముడు. భూములున్న ఇల్లు. బోర్లు ఎండిపోయినాక కేబుల్ టీవీ పెట్టి, ఆ వైర్ల మిందనే ఇంటర్నెట్టు పెట్టి, దాని మింద రాజకీయం పెట్టినాడు. నేను ఇంజినీరింగ్ చదివి ఇంట్లో ఊరకే ఉంటే, ఆడీడ తిరగడమెందుకు, మనది మనం చూసుకుందాం రా అని పిలుచుకోనొచ్చి కూచోబెట్టినాడు. పని రాకపోయినా నన్ను ఒక మాట అనేవాడు లేడు ఆ ఆఫీసులో. మేనల్లుణ్ణి గదా.

నిజంగా పని చేసేది ఒకే ఒక మనిషి. రాయచోటి తట్టు పల్లె నుంచి పొద్దన్నే మొదటి బస్సుకు వచ్చేవాడు. అరవైకి దగ్గిర పడిండె. తాతల కాలం నుంచి చర్చికి పోయే కుటుంబం, మూడెకరాల మెట్ట, శెనిక్కాయ పంట. ఆ పంట నాలుగు మూటలు ఇంటికొచ్చిన ఏడాది ఎప్పుడని అడిగితే ఆయనే నవ్వేవాడు. నా తండ్రి వయసున్నా, అందరితో పాటు నేనూ అన్నా అనే పిలుస్తాంటి. ఇల్లు గడిచేది ఈ కొలువుతోనే. ఆ వయసులో ఇంగెవురూ పనికి పెట్టుకోరని ఆయనకూ తెలుసు, మా మామకు ఇంగా బాగా తెలుసు.

ఒక ఎండాకాలం ఆ రెక్కలేని ఫ్యాను పుణ్యమా అని మిషను కాగిపోయి పూటంతా నెట్టు నిలిచిపోయింది. మామ అందరి ముందర పెద్దాయనను నిలబెట్టి, ఇంగొక్క తూరి నెట్టు నిలిచిపోయిందంటే రాయచోటి బస్సెక్కి పో, మల్ల ఈ మెట్లెక్కద్దు అని చెప్పినాడు. మిషను మూత తీయాలన్నా తన పర్మిషన్ కావాలని ఆర్డరేసి, తాళం నాకిచ్చినాడు. ఫ్యాను మాత్రం మార్చలే.

ఆ మిషన్లలో ఒకదాని పని పేర్లకు నంబర్లు చెప్పడం. మీరు ఫోన్లో ఏదో సైటు పేరు కొడతారు. ఫోనుకు ఆ పేరుతో పన్లే, దానికి నంబరు కావాల. మా మిషన్ను అడుగుతాది. మా మిషను బయట పెద్ద మిషన్లను కనుక్కోని చెప్తాది, చెప్పింది రొంతసేపు గుర్తు పెట్టుకుంటాది. దాన్నే డీఎన్ఎస్ సర్వర్ అంటారు. అది మూగపోయిందంటే వైర్లు బాగుండినా, కరెంటు ఉండినా, ఊరంతా నెట్టు పోయిందనే అంటాది.

దాంట్లో నడిచే సాఫ్ట్‌వేరుకు రెన్నెళ్ళకో మూన్నెళ్ళకో అప్‌డేటు వస్తాది. దాంతో పాటు ఒక కాయితం. ఏ బొక్క పూడ్చినారు, ఏం కొత్తది పెట్టినారు, ఏ పాతది పీకేసినారు అని. ఇంత రోత చదువు భూమ్మీద ఇంగోటి లేదని నా నమ్మకం. ఆర్నెల్లు కిందామీదా పడి నేర్చుకున్న సెట్టింగును ఒక్క లైన్లో ఇంగ పనిచేయదు అని రాసి పారేస్తారు. దాని బదులు ఇంగోటి వాడుకోమంటారు, అదెట్లనో చెప్పరు. నేను మొదటి పేజీ చూసి మూసేస్తాంటి. పెద్దాయన మాత్రం ప్రింటు తీసుకోని, కళ్ళజోడు పెట్టుకోని, లైను కింద వేలు పెట్టుకోని చదివేవాడు. తెలీని మాట వస్తే అర్థం కనుక్కోని నోటుబుక్కులో తెలుగులో రాసుకునేవాడు. కొత్తదాన్ని ముందు ఒక డొక్కు కంప్యూటర్లో ఏసి, వారం దినాలు నడిపి చూసి, ఆ తర్వాతనే అసలు మిషన్లో ఏసేది. నాకు అదంతా చాదస్తం. నలుగురి ముందర ఆయన మాదిరి వేలు పెట్టి చదివి చూపించి నవ్వించినా గూడా. ఛీ, ఏం బతుకు బతికినానో.

ఆ ఏడు వానాకాలంలో ఒక పెద్ద అప్‌డేటు వచ్చింది. దాంట్లో ముఖ్యమైంది సంతకాల సంగతి. బయట నుంచి వచ్చే జవాబులకు సంతకాలుంటాయి, దొంగ జవాబులు దూరకుండా. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఆ సంతకం చెల్లుతాదో మందుల అట్ట మింద రాసినట్టు రాసింటారు. మా పాత వెర్షన్లో ఆ సంతకాలు చూసే పని ఆపేసిండె. కొత్తది తనంతట తానే చూస్తాది. మంచిదే. కానీ మిషనుకు ఈ దినం తేదీ ఏందో తెలిసుండాల. అది తప్పిందంటే వచ్చిన ప్రతి జవాబునూ దొంగదని బయటికి తోసేస్తాది.

పెద్దాయన ఆ లైను కింద రెండు గీతలు కొట్టి నాకాడికి తెచ్చినాడు. మా మిషన్లో తేదీని నిలబెట్టే బ్యాటరీ, రూపాయి బిళ్ళంతది, సచ్చిపోయిండాదంట. ప్లగ్గు పీకితే తేదీ ఎన్నో ఏండ్ల వెనక్కి పోతాదంట. ముందు బ్యాటరీ మార్చి, ఆ తర్వాతనే కొత్తది ఏద్దామప్పా అన్యాడు. అట్లాంటి బ్యాటరీ గడియారాలు బాగుచేసే ఏ అంగట్లోనైనా దొరుకుతాది. మా ఆఫీసు ఎదురుగానే ఒకటుండె. రోడ్డు దాటి, మూత తాళం తీసి ఇస్తే సరిపాయ. నేను రేపు రేపని నాన్చినా.

ఆ వారంలోనే డోన్‌లో చుట్టాలింట్లో ఎవరో పోయినారని ఆయన నాలుగు దినాలు రాలేదు. మామ యాడనో విని వచ్చినాడు, పాత వెర్షన్లో బొక్కుండాదంట, హ్యాకర్లు దూరతారంట అని. ఎందుకింకా మార్చలేదని నన్ను అడిగితే, ఆయనింకా చదువుతాండాడు మామా అని నవ్వి, మామ నా వెనక నిలబడి చూస్తాండంగానే కొత్తది ఏసేసినా. అసలు మిషన్లోనే, నా లాగిన్‌తోనే. ఇరవై నిమిషాల పని. మామ నా భుజం తట్టి, చూసినావా, దీనికి వారం దినాలంట అన్యాడు. నాకు శానా గర్వమైంది, ఆ దినమంతా ఆఫీసులో అందరికీ చెప్పుకోని తిరిగినా.

పెద్దాయన డోన్ నుంచి వచ్చి చూసినాడు. బ్యాటరీ అని అడిగినాడు. తెస్తానన్నా అని చెప్పినా. ఆయన ఒక కాయితం మింద ప్లగ్గు పీకరాదు అని పెద్ద అక్షరాలతో రాసి గోడకు, ప్లగ్గుకు పైన అతికించినాడు.

అట్ల పన్నెండు దినాలు గడిచినాయి. ఆయుధ పూజ వచ్చింది.

మాకాడ ఆ దినం లారీ కాన్నుంచి కటింగ్ ప్లేయర్ వరకు అన్నిటికీ పూజే. మిషన్లు గూడా ఆపేసి, ప్లగ్గులు పీకి, తడిగుడ్డతో తుడిచి, విభూది పట్టెలు పెట్టి, నిమ్మకాయలు కోసి పెట్టాల. ప్రతి ఏడూ చేస్తాండేదే. పాత వెర్షను తేదీ పట్టించుకునేది కాదు కాబట్టి ఏమీ కాలేదు. పెద్దాయన కుంకుమ పెట్టుకోడు గానీ, తుడిచే పని అంతా ఆయనే చేసి, పూజ మొదలైనాక గేటు కాడికి పోయి నిలబడేవాడు. దాన్ని ఎవరూ తప్పు పట్టలే అంతవరకు.

ఆ పొద్దు మామ కాడికి పోయి, ఈ ఒక్క మిషన్ను ఆపద్దు సార్, నడుస్తాంటేనే పూజ చేసుకోండి అని చెప్పినాడు. ఎందుకో గూడా చెప్పబోయినాడు. మామ చెప్పనీలే. మా పూజంటే నీకు గిట్టదులే, తెలుసు నాకు అని మొకం తిప్పుకున్యాడు. పెద్దాయన నాతట్టు చూసినాడు. ఆపద్దని ఎందుకంటాండాడో తెలిసినోణ్ణి నేనొక్కణ్ణే. చేతిలో తడిగుడ్డ పట్టుకోని నిలబడింటి. నోరు తెరవలేదు. ఆయన గేటు కాడికి పోయినాక, ఆ కాయితం అడ్డముందని చించి, ప్లగ్గు పీకింది గూడా నేనే.

మామ ఆ దినం పెద్ద నాయకుణ్ణి పిలిపించిండె. ఆయన వచ్చి హారతి కండ్లకద్దుకోని, బూడిద గుమ్మడికాయ పగలగొట్టి, మామ రూములో కూచుని ఫోను తీసినాడు. ఫోన్లో సున్నా గిర్రున తిరుగుతానే ఉండాది. మిషన్ల లైట్లన్నీ పచ్చగా ఎలుగుతాండాయి, ఊర్లో మాత్రం ఒక్క ఇంట్లో నెట్టు లేదు. ఆఫీసు ఫోన్లు మోగడం మొదలుపెట్టినాయి. ఎత్తితే బూతులు. నాయకుడు, ఏమప్పా, పూజ బాగా జరిగినట్టుండాదే అని నవ్వినాడు. మామ మొకం నల్లబడిపోయింది.

తేదీ సంగతి నాకు గుర్తుకు రాలేదని అబద్ధం చెప్పను. గుర్తుకొచ్చింది. బయట టైము చెప్పే మిషను ఒకటుంటాది, దాన్ని అడిగి ఇదే దిద్దుకుంటాదిలే అనుకున్నా. ఆ టైము మిషన్ను పేరుతోనే పిలవాల, ఆ పేరుకు నంబరు చెప్పాల్సింది ఇదే, ఇదేమో మూగది. ఇంజినీరింగ్ చదివినోణ్ణి, తేదీని చేత్తో పెట్టొచ్చని నాకు తోచలేదు. మిషన్ను నాలుగు తూర్లు ఆపి ఏసినా. వైర్లు పీకి పెట్టినా. కేబులు లాగే లైన్‌మెన్ల మింద అరిచినా. రెండు గంటలు ఆ కంపులో, కొబ్బరి నీళ్ళు కారిన నేల మింద కూచోని ఏం చేసినానో నాకే తెలీదు. గేటు కాడున్న మనిషిని పిలవమని మామ చెప్పలేదు. నేనూ పిలవలేదు. పిలిస్తే ఆయన మొదట తేదీ చూస్తాడు, ఆ తర్వాత బ్యాటరీ తేని నన్ను చూస్తాడు.

ఆఖరికి నాయకుడే, మిషన్లు చూసుకునే ముసలాయన ఉండాలే, యాడ ఆయన అని అడిగినాడు.

పెద్దాయన వచ్చి, చెప్పులు బయట ఇడిసి, స్క్రీన్ ముందర కూచున్యాడు. తేదీ చూసినాడు. తన చేతి గడియారం చూసి ఒక లైను కొట్టినాడు, సాఫ్ట్‌వేరును ఆపి మల్ల ఏసినాడు. మామ రూములో నుంచి, వచ్చింది వచ్చింది అని కేక. ఆయన లేవకుండా ఇంగోటి తెరిచినాడు. ఏ దినం, ఎన్ని గంటలకు, ఎవరు ఏం మార్చినారో మిషను తనంతట తాను రాసిపెట్టుకునే పట్టీ అది. దాంట్లో నా లాగిన్ పేరు. ఆయన దాన్ని చదివి, తల తిప్పి నన్ను చూసి, మూసేసినాడు.

అప్పుడు వచ్చినాడు మామ, వెనకాల నాయకుడు, వాళ్ళ వెనకాల ఆఫీసంతా. మెచ్చుకుంటాడేమో అని ఒక్క నిమిషం అనుకున్నా.

"రెండు గంటలు మావోడు తన్నుకులాడితే కానిది, నువ్వొచ్చి పది నిమిషాల్లో చేసినావంటే, యాడ చెడిందో నీకు ముందే తెలుసు" అన్యాడు మామ.

తెలుసు సార్, పొద్దన్నే చెప్పినా గదా అన్యాడు పెద్దాయన. ఆ మాట చాలింది. పూజ వద్దన్యాడు, పూజ చెడిపాయ, బాగుచేసింది గూడా ఆయనే, ఇంగేం కావాల అని వెనక నుంచి ఎవరో అందుకున్యారు. అందరూ తలలూపినారు. పదేండ్లు ఆయన చేతి కింద పని నేర్చుకున్న లైన్‌మెన్లు గూడా ఊపినారు. ఆ తలలు చూస్తాంటే నాకు కంపరమెత్తింది, నా తల దానికంటే మేలైనట్టు.

మామ నాతట్టు తిరిగినాడు. "ఏరా అల్లుడా, ఆ కొత్తది ఏసింది ఎవరు?"

నా వెనక నిలబడి చూసిన మనిషి, నా భుజం తట్టిన మనిషి, నన్ను అడుగుతాండాడు. నాయకుడు వినాలని అడుగుతాండాడు. ఏం చెప్పాల్నో ఆయన కండ్లలోనే ఉండె. నా నోట్లో ప్రసాదం బొరుగులు, బెల్లం. నమిలి మింగి, "మిషన్లన్నీ చూసుకునేది అన్నే గదా మామా" అని చెప్పినా.

చూడండి, అది పూర్తిగా అబద్ధం గూడా కాదు. అంత నికార్సైన మాట ఆ క్షణంలో నాకెట్ల దొరికిందో. తలుచుకుంటే నా నోటి మింద నాకే రోత పుడుతాది.

రాయచోటి బస్సెక్కి పో అని మామ గేటు చూపించినాడు. పెద్దాయన నోటుబుక్కు, కళ్ళజోడు, నీళ్ళ బాటిలు సంచిలో పెట్టుకున్యాడు. చెప్పులేసుకోని పోయినాడు. నేను అరగంట ఆగి, టీ తాగొస్తానని చెప్పి, బస్టాండుకు పరిగెత్తినా. రాయచోటి బస్సులు నిలిచే కాడ బెంచీ మింద కూచుండె. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చినాడు. దానికి నేను ఇంగా చచ్చిపోయినా.

నా పేరు స్క్రీన్ మింద కనపడుతానే ఉండె, మూసేసినావెందుకన్నా, అందరికీ చూపిచ్చింటే నీ కొలువు నిలబడిండేది గదా అని అడిగినా. ఆయన చూపించలేదనే నేరాన్ని ఆయన మింద ఏస్తాండానని ఆ మాట నోట్లోనుంచి వచ్చినాక తెలిసింది నాకు.

ఆయన కోపం చేసుకోలేదు. బస్సొస్తాందేమో అని రోడ్డు తట్టు చూస్తానే చెప్పినాడు.

"తెలీనోనికి చూపిస్తారప్పా. ఆడ తెలీనోడు ఎవరుండ్రి?"

బస్సొచ్చింది. పండగ జనం, కిక్కిరిసి ఉండాది. ఆయన సంచి ఎత్తి ఇచ్చినా, తీసుకున్యాడు. నేను ఎనక్కొచ్చి ఆయన కుర్చీలో కూచుంటి. ఇప్పుటికీ దాంట్లోనే కూచుంటాండా.